చర్లపల్లి ఫ్యాక్టరీకి నా మొదటి ప్రపోజల్, కొటేషన్: ఎలా రాయాలి, ఎంత అడగాలి?

ప్రశ్న: స్టోర్స్ అనుభవం ఉన్న సభ్యురాలు, కుషాయిగూడ

అందరికీ నమస్కారం. యంత్రభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో చాలా ఏళ్లు స్టోర్స్ విభాగం చూశాను. ఈమధ్యే ఉద్యోగం మానేసి, సొంతంగా కన్సల్టెంటుగా పనిచేయాలని నిర్ణయించుకున్నాను. పాత పరిచయాల ద్వారా నా సంగతి తెలిసి, చర్లపల్లి పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశారు. కంప్యూటర్‌లో సరుకు ఉన్నట్టే కనిపిస్తుందనీ, తీరా మిషన్ మీదికి కావాల్సి వచ్చేసరికి ర్యాక్‌లో దొరకదనీ, దాంతో అదే సరుకును అప్పటికప్పుడు రాణిగంజ్ మార్కెట్ నుంచి ఎక్కువ ధర పెట్టి తెప్పించుకోవాల్సి వస్తోందనీ చెప్పారు. "మా స్టోర్స్‌ను ఒక దారికి తెచ్చిపెట్టండమ్మా, ఎంతవుతుందో ఒక కొటేషన్ పంపండి" అన్నారు.

పని ఎలా చేయాలన్న విషయంలో నాకు సందేహం లేదు. ఉద్యోగంలో ఉండగా సరఫరాదారులు పంపిన కొటేషన్లు ఎన్నో చదివాను, పోల్చి పట్టికలు వేశాను. కానీ అవన్నీ కిలోకు ఇంత, నగానికి ఇంత అని తేలిగ్గా తేలే లెక్కలు. నా అనుభవానికీ సమయానికీ నేనే ధర రాసుకోవాల్సి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. ప్రపోజల్ వేరుగా, కొటేషన్ వేరుగా పంపాలా? రోజుకు ఇంత అని చెప్పాలా, మొత్తం పనికి ఒకే అంకె చెప్పాలా? నాకు ఇంకా జీఎస్‌టీ నంబరు లేదు, అది లేకపోతే కంపెనీలు మనల్ని లెక్కలోకి తీసుకుంటాయా? యజమాని బేరమాడితే ఎంతవరకు తగ్గవచ్చు? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. ఎక్కువ అడిగి అవకాశం పోగొట్టుకోవడం ఇష్టం లేదు, తక్కువ అడిగి నెలల తరబడి అందులోనే ఇరుక్కుపోవడమూ ఇష్టం లేదు.

జవాబు: ఉత్పత్తి నిర్వహణ కన్సల్టెంట్, సైనిక్‌పురి

మేడమ్, కొటేషన్ రాయడానికి కూర్చునే ముందు ఒక పూట ఆ ఫ్యాక్టరీకి వెళ్లి రండి. ఫోన్‌లో విన్న నాలుగు మాటల మీద ధర చెప్పడం మీకూ మంచిది కాదు, వారికీ మంచిది కాదు. ఈ మొదటి సందర్శనకు డబ్బు అడగాలా వద్దా అన్న విషయంలో మనవాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. నగరం లోపలే ఉండి, ఒక పూటకు మించకుండా, చూసి రావడం వరకే అయితే ఉచితంగా వెళ్లవచ్చని నేను అంటాను. అయితే ఆ పూటలోనే "మరి ఏం చేయమంటారు?" అని యజమాని అడుగుతారు. అక్కడ మర్యాదగా ఆగాలి. పని పరిమాణం అంచనా వేయడానికి వచ్చాననీ, పరిష్కారాలు సరైన లెక్కింపు తరువాతే చెప్పగలననీ అంటే ఎవరూ తప్పుపట్టరు.

వెళ్లినప్పుడు తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. వారు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నుంచి స్టాక్ జాబితా ప్రింటు తీయించి, అందులో నుంచి పది ఐటమ్‌లు ఎంచుకోండి. కొన్ని ఖరీదైనవి, కొన్ని బోల్టులూ ఇన్సర్టుల వంటి చిన్నవి ఉండాలి. వాటిని ర్యాక్ దగ్గర మీరే లెక్కపెట్టండి. ఆ తరువాత తిరగేసి చేయండి: ర్యాక్‌లో కంటికి కనిపించిన పది వస్తువులు తీసుకుని, అవి జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు, నిజానికి ఎక్కువ సంగతులు బయటపడేది అందులోనే. రెండో పరీక్షలో తేడాలు ఎక్కువగా వస్తే, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) వేయకుండానే సరుకు లోపలికి వస్తోందనో, షాపులో (మిషన్లు నడిచే చోట) వాడగా మిగిలింది తిరిగి స్టోర్స్‌కు వచ్చినప్పుడు ఎంట్రీ పడటం లేదనో అనుమానించవచ్చు. 'బేరింగ్ 6205', '6205 బాల్ బేరింగ్', 'బేరింగ్ 25 ఎంఎం' అని ఒకే వస్తువు మూడు పేర్లతో ఉండటం కూడా అప్పుడే కనిపిస్తుంది. ఇక రాత్రి షిఫ్టులో స్టోర్స్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఇష్యూ స్లిప్పులు సరుకు ఇచ్చేటప్పుడే రాస్తున్నారో, తెల్లవారాక గుర్తుచేసుకుని రాస్తున్నారో అడగండి. మొత్తం ఐటమ్‌లు ఎన్ని, రోజుకు ఎన్ని లారీలు లేదా ఆటోలు సరుకుతో వస్తాయి, స్టోర్స్‌లో ఎందరు పనిచేస్తారు అన్నవి కూడా రాసుకోండి. మీకు ఎన్ని రోజులు పడుతుందో తేల్చేవి ఈ సమాచారమే కాబట్టి, ఇవి లేకుండా వేసిన అంకె ఏదైనా గాలిలో వేసినదే అవుతుంది.

ప్రపోజల్, కొటేషన్ రెండూ ఒకే పీడీఎఫ్‌లో ఉండనివ్వండి. చిన్న ఫ్యాక్టరీకి మూడు నాలుగు పేజీలు చాలు. మొదటి పేరాలో మీ అనుభవం గురించి రాయకండి, వారి ఇబ్బంది రాయండి, అదీ యజమాని వాడిన మాటల్లోనే. "లెక్కలో ఉన్న సరుకు అవసరానికి ర్యాక్‌లో దొరకకపోవడం వల్ల అత్యవసరంగా బయట కొనాల్సి వస్తోంది" అన్న వాక్యం చదవగానే, తాను చెప్పింది మీకు అర్థమైందని ఆయనకు నమ్మకం కలుగుతుంది. సందర్శనలో మీరు చూసిన రెండు మూడు విషయాలు, పేర్లు ఎత్తకుండా, ఎవరినీ తప్పుపట్టకుండా, దాని కిందే రాయండి. మీ పరిచయం చివరి పేజీలో అర పేజీ సరిపోతుంది.

ఆ తరువాత వచ్చే పని వివరణ మీదే మీరు ఎక్కువ సమయం పెట్టాలి. "స్టోర్స్ నిర్వహణను మెరుగుపరచడం" అని రాస్తే ఆ పనికి అంతు ఉండదు, ఎందుకంటే మెరుగుదల ఎక్కడ పూర్తయిందో ఎవరూ చెప్పలేరు. దానికి బదులు పూర్తయినట్టు చూపించగల పనులు రాయండి. ఉదాహరణకు, వాడుకలో ఉన్న ఐటమ్‌లన్నిటికీ ఒకే పద్ధతిలో కోడ్, పేరు ఖరారు చేసిన జాబితా. ఒకసారి పూర్తి భౌతిక లెక్కింపు, దానికి సంతకాలున్న తేడాల నివేదిక. బిన్ కార్డు (ఒక్కో వస్తువు రాకపోకలను ర్యాక్ దగ్గరే రాసేది), ఇష్యూ స్లిప్పు, తిరిగివచ్చిన సరుకు స్లిప్పుల నమూనాలు. స్టోర్స్ సిబ్బందికి పని జరిగే చోటే శిక్షణ. ఆ తరువాత కొన్ని వారాల పాటు వారానికోసారి వచ్చి తనిఖీ. ప్రతి పనికీ చివర ఒక కాగితమో, ఒక జాబితానో, ఒక సంతకమో మిగలాలి.

దాని కిందే "ఇందులో చేరనివి" అనే శీర్షిక పెట్టండి. కొత్తగా మొదలుపెట్టినవారు దీన్ని రాయడానికి మొహమాటపడతారు, కానీ మీ ఫీజును కాపాడేది ఈ భాగమే. ట్యాలీలో మార్పులు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎంపిక, ర్యాకులూ ట్రేలూ కొనడం, లెక్కింపు రోజు బరువులెత్తే మనుషుల కూలి ఇందులో రావని స్పష్టంగా చెప్పండి. మరొకటి కూడా ఉంది, అది కాస్త సున్నితమైనది. సరుకు తగ్గుతోందని కన్సల్టెంట్‌ను పిలిచే యజమాని మనసులో ఎవరో ఒకరి మీద అనుమానం ఉండవచ్చు. పని సగంలో ఉండగా మిమ్మల్ని పక్కకు పిలిచి "ఎవరు తీస్తున్నారో తెలిసిందా?" అని అడిగితే మీరు చిక్కుల్లో పడతారు, స్టోర్స్ సిబ్బంది మీతో మాట్లాడటం కూడా మానేస్తారు. అందుకని తేడా ఎంత ఉందో, పద్ధతిలో ఏ లోపం వల్ల అలాంటి తేడా రావడానికి అవకాశం ఉందో చెబుతారనీ, వ్యక్తుల బాధ్యతను నిర్ధారించడం ఈ పనిలో భాగం కాదనీ ముందుగానే రాసిపెట్టండి. సిబ్బంది పరువుకు సంబంధించిన విషయం కాబట్టి నేను దీన్ని ఏ ప్రపోజల్‌లోనూ వదలను.

క్లయింటు చేయాల్సినవీ రాయాలి. మీతో మాట్లాడటానికి ఒక బాధ్యుడిని కేటాయించడం, స్టాక్ జాబితాను అడిగిన రూపంలో ఇవ్వడం, లెక్కింపు జరిగే రోజు సరుకు కదలకుండా చూడటం వారి చేతిలో ఉన్నవి. ఉత్పత్తి నడుస్తుండగా లెక్కపెడితే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు కాబట్టి ఆదివారమో, సెలవు రోజో అడగండి. వారి వైపు నుంచి ఆలస్యమైతే గడువు తేదీ కూడా అంతమేరకు జరుగుతుందని ఒక వాక్యం చేర్చండి.

హామీల దగ్గర జాగ్రత్తగా ఉండండి. "నిల్వలు ఇరవై శాతం తగ్గిస్తాను" అని రాయాలనిపిస్తుంది, ఎందుకంటే చదివేవారికి అది ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ ఎంత కొనాలో, ఎప్పుడు కొనాలో నిర్ణయించేది మీరు కాదు. మీ చేతిలో ఉన్న పనికే హామీ ఇవ్వండి.

ఇక ధర. ముందు మీకోసం ఒక లెక్క వేసుకోండి, దాన్ని క్లయింటుకు చూపించనక్కర్లేదు. ఏడాదికి మీ ఇంటికి 9 లక్షలు కావాలనుకుందాం. ఉద్యోగంలో కంపెనీ కట్టిన పీఎఫ్ వాటా, ఆరోగ్య బీమా, ఇప్పుడు మీరే భరించాల్సిన ప్రయాణం, ల్యాప్‌టాప్, ఫోన్ ఖర్చులకు మరో 2 లక్షలు కలిపితే 11 లక్షలు. ఏడాదిలో పనిదినాలు ఎన్ని ఉన్నా, మనుషులను కలవడానికీ, ప్రపోజల్స్ రాయడానికీ, బిల్లుల వెంట తిరగడానికీ పోగా, మొదటి ఏడాది డబ్బు వచ్చే రోజులు 120 ఉంటే బాగానే ఉన్నట్టు. 11 లక్షలను 120తో భాగిస్తే రోజుకు దాదాపు 9,200 రూపాయలు వస్తుంది. పాత జీతాన్ని ముప్పైతో భాగించి వచ్చిన అంకెను రోజు రేటుగా పెట్టుకునేవారు నష్టపోయేది ఇక్కడే. మీ పనికి 18 రోజులు పడుతుందని అంచనా వేస్తే 1,65,600 అవుతుంది, అనుకోనివాటికి ఒక పదో వంతు కలిపితే సుమారు 1,82,000. ఇవన్నీ ఉదాహరణకు వేసిన అంకెలు, మీ అవసరాలతో మీరు మళ్లీ వేసుకోవాలి.

క్లయింటుకు మాత్రం రోజు రేటు చెప్పకండి. రోజు రేటు చెబితే మీరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్న దాని మీదికే అందరి దృష్టీ పోతుంది. దశలవారీగా ధర చెప్పండి: అధ్యయనం, కోడింగ్, లెక్కింపు కలిపి 90,000, కొత్త పద్ధతి, శిక్షణ 65,000, తరువాతి తనిఖీలు 27,000. మొదటి దశ తరువాత ఇద్దరిలో ఎవరికైనా వద్దనిపిస్తే అక్కడితో ఆపుకోవచ్చని కూడా రాయండి. మిమ్మల్ని మొదటిసారి పిలిచే యజమానికి ఇది ధైర్యాన్నిస్తుంది.

జవాబు: కొనుగోలు విభాగం మనిషి, బాలానగర్

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇలాంటి కాగితాలను అవతలి వైపు కూర్చుని చదివేవాడిగా కొన్ని మాటలు చేర్చాలనుకుంటున్నాను.

మా దగ్గరికి వచ్చిన ప్రపోజల్‌లో ముందుగా చూసేది మొత్తం ఎంత, ఎన్నాళ్లలో పూర్తవుతుంది, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అన్నవే. ఇవి మూడో పేజీలో పేరా మధ్యలో ఉంటే వెతుక్కోవాల్సి వస్తుంది. ఒక చిన్న పట్టికలో పెట్టండి, మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి, కొటేషన్‌కు ఒక నంబరు, తేదీ, ఎప్పటివరకు చెల్లుతుందో ఉండాలి. ముప్పై రోజుల చెల్లుబాటు సహేతుకం. ఆరు నెలల తరువాత పాత కాగితం తీసి "ఇదే రేటుకు చేయండి" అనేవారు ఉంటారు కాబట్టి ఇది మీకు ముఖ్యం.

బేరం విషయానికి వస్తే, చిన్న కంపెనీల్లో "కొంచెం చూసి వేయండి" అనడం అలవాటుగా అనే మాట, దాన్ని మీ అనుభవానికి అవమానంగా తీసుకోకండి. తగ్గిస్తారని తెలిసి ముందే పెంచి రాయడం నాకు నచ్చదు. ఇరవై శాతం అడగ్గానే తగ్గించిన మనిషి మొదట చెప్పిన అంకెను తరువాత ఎవరూ నమ్మరు. దానికి బదులు ధర తగ్గాలంటే పని కూడా తగ్గించండి: "తనిఖీ సందర్శనలు మీకు అక్కర్లేదనుకుంటే ఆ 27,000 తీసేద్దాం" అని చెప్పవచ్చు. అప్పుడు మీ రేటు నిలుస్తుంది, ఆయనకూ తగ్గించిన తృప్తి ఉంటుంది. ఒకే అడ్వాన్సుతో మొత్తం ఖరారు చేస్తే రెండు మూడు శాతం తగ్గింపు ఇవ్వడంలో తప్పులేదు.

పని ఒప్పుకున్న వెంటనే పర్చేజ్ ఆర్డర్ (పీఓ) అడగండి. పీఓ ఇచ్చే పద్ధతి లేని చోట, మీ ప్రపోజల్‌కు జవాబుగా "అంగీకరిస్తున్నాం, మొదలుపెట్టండి" అని కంపెనీ ఈమెయిల్ నుంచి ఒక వాక్యం రప్పించుకున్నా చాలు. ఫోన్‌లో చెప్పిన సరేకు అకౌంట్స్ విభాగంలో విలువ ఉండదు. పాన్ కార్డు కాపీ, రద్దు చేసిన చెక్కు, ఉద్యం సర్టిఫికెట్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు తెలిపేది) ఉంటే అది, జీఎస్‌టీ నమోదు లేకపోతే లేదని తెలిపే ఒక ప్రకటన, ఇవన్నీ ఒకే ఫైలుగా సిద్ధంగా ఉంచుకోండి. ప్రతి దశ ముగిశాక, ఏమేం అందించారో ఒక పేజీలో రాసి బాధ్యుడి సంతకం తీసుకుని బిల్లుకు జతచేయండి. బిల్లు ఆగేది చాలావరకు డబ్బు లేక కాదు, పని అయిందని రాతపూర్వకంగా చెప్పేవారు లేకనే.

జవాబు: చార్టర్డ్ అకౌంటెంట్, హిమాయత్‌నగర్

పన్నుల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

సేవలు మాత్రమే అందించేవారికి తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. 2017 అక్టోబరు నుంచి వేరే రాష్ట్రంలోని క్లయింటుకు సేవ అందించినా ఇదే పరిమితి వర్తిస్తోంది. అయితే ఈ 20 లక్షలను మీ పాన్ మీద వచ్చే మొత్తం టర్నోవర్‌తో చూస్తారు. మీ పేరున ఉన్న షాపు అద్దె, ఇంటి అద్దె వంటివి కూడా అందులో కలుస్తాయి. నమోదు లేనంతకాలం బిల్లులో జీఎస్‌టీ చూపకూడదు, వసూలు చేయకూడదు. నమోదైన ఫ్యాక్టరీకి మీరు జీఎస్‌టీ వేయకపోవడం వల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే మీరు 1,82,000 మీద 18 శాతం చొప్పున 32,760 వేసినా వారు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకునే మొత్తంగా, తీసుకునేవారే. కాబట్టి నంబరు లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కొటేషన్‌లో మాత్రం "ప్రస్తుతం జీఎస్‌టీ నమోదు లేదు, పని కాలంలో నమోదు అవసరమైతే వర్తించే పన్ను అదనం" అని రాయండి. ఏడాది మధ్యలో పరిమితి దాటితే 30 రోజుల్లోగా నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి, ఆ తరువాత ఇచ్చే బిల్లుల్లో పన్ను మీ జేబులోంచి పోకుండా ఈ వాక్యం కాపాడుతుంది.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవారే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను గురించి. ఒక క్లయింటు ఏడాదిలో మీకు ఇచ్చే ఫీజు 50,000 దాటితే వారు మూలంలోనే పన్ను కోయాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000 ఉండేది. మీ పనిని వృత్తి సేవగా చూస్తే 10 శాతం, సాంకేతిక లేదా నిర్వహణ సేవగా చూస్తే 2 శాతం. స్టోర్స్ నిర్వహణ సలహా రెండో కోవలోకి వస్తుందని వాదించవచ్చు, కానీ జాగ్రత్తపడే అకౌంటెంట్ 10 శాతమే కోస్తారు. 1,82,000కు అది 18,200 అవుతుంది. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. కానీ ఆ నెల మీ చేతికి వచ్చే మొత్తం తగ్గుతుంది కాబట్టి ఖర్చులు ముందే చూసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. ఆదాయపు పన్ను కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో ఇలాంటి ఫీజుల టీడీఎస్‌కు వాడిన పాత 194జె వంటి సెక్షన్ నంబర్లు మారాయి. అందుకని కొటేషన్‌లో సెక్షన్ నంబర్లు రాయకుండా "చట్టప్రకారం టీడీఎస్ మినహాయించుకోవచ్చు" అని రాస్తే చాలు.

పని మొదలవకముందే ఉద్యం నమోదు చేయించుకోండి. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. దీనివల్ల మీకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం రక్షణ లభిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీ కట్టాలి. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటించిన బకాయిని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలన్న నిబంధన ఆదాయపు పన్నులో ఉంది. మార్చి నెలలో మీ బిల్లు కదలడానికి వడ్డీ నిబంధన కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అయినా కొటేషన్‌లో చట్టాన్ని ఉటంకిస్తూ హెచ్చరించకండి. "బిల్లు అందిన 15 రోజుల్లో చెల్లింపు" అని రాసి, బిల్లు మీద ఉద్యం నంబరు వేస్తే వారి ఆడిటరే గమనిస్తారు.

చివరగా ఒక చిన్న విషయం. మీరు తయారుచేసే కోడింగ్ పద్ధతి పత్రం, స్లిప్పుల నమూనాలు ఉద్యోగిగా చేసినవి కావు కాబట్టి, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు వాటి కాపీరైటు మీదే. ఆ ఫ్యాక్టరీ తన అవసరాలకు ఎప్పటికీ వాడుకోవచ్చనీ, నమూనాల హక్కు మీ దగ్గరే ఉంటుందనీ రెండు వాక్యాలు రాసుకుంటే రేపు మరో క్లయింటు దగ్గర నిశ్చింతగా వాడుకోవచ్చు. దానికి బదులుగా వారి కొనుగోలు ధరలు, సరఫరాదారుల వివరాలు ఎవరికీ చెప్పనని మీరు రాసివ్వాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చాను, మీరు చెప్పినట్టు రెండు వైపులా లెక్కపెట్టాను. జాబితా నుంచి ర్యాక్‌కు వెళ్లినప్పుడు సగానికి పైగా సరిపోయాయి. ర్యాక్ నుంచి జాబితాకు వచ్చేసరికి మాత్రం ఎక్కువ తేడాలు కనిపించాయి. కట్ చేయగా మిగిలిన ఇనుప రాడ్ల ముక్కలు గోడ పక్కన పెద్ద కుప్పగా ఉన్నాయి, వాటికి ఏ లెక్కా లేదు. ఆపరేటర్లు చిన్న పనికి అందులోంచి తీసుకుంటారట, స్లిప్పు ఎవరూ రాయరు. అందువల్ల ఏ ముక్క ఎంత వాడారో, ఎంత మిగిలిందో లెక్కలో ఎక్కడా పడదు. ఈ కుప్పను తూకం వేసి, సైజులవారీగా విడదీయడం నేను మొదట అనుకున్న పనిలో లేదు.

ప్రపోజల్‌లో మొదటి పేరా ఇలా రాశాను: "మీ స్టోర్స్‌లో కంప్యూటర్ లెక్కకూ ర్యాక్‌లోని సరుకుకూ పొంతన లేకపోవడం వల్ల, ఉన్న సరుకునే మళ్లీ కొనాల్సి వస్తోందని మీరు తెలిపారు. మా ప్రాథమిక సందర్శనలో ఇందుకు రెండు కారణాలు కనిపించాయి: ఒకే వస్తువు వేర్వేరు పేర్లతో నమోదు కావడం, షాపు నుంచి తిరిగివచ్చిన ముక్కలకు లెక్క లేకపోవడం."

రెండు సందేహాలు మిగిలాయి. ముక్కల కుప్పను అదే ధరలో కలిపేయాలా? మరొకటి, డబ్బంతా పని పూర్తయ్యాక ఒకేసారి ఇస్తామని యజమాని సూచనగా అన్నారు, నేను 40 శాతం అడ్వాన్స్ అనుకున్నాను. ఎక్కువ అడుగుతున్నానా?

జవాబు: ఉత్పత్తి నిర్వహణ కన్సల్టెంట్, సైనిక్‌పురి

మేడమ్, మీ పేరా చాలా బాగుంది. ఒక్క మార్పు చేయండి: "కారణాలు కనిపించాయి" అనే చోట "కారణాలు అయి ఉండవచ్చని కనిపించింది" అనండి. ఇరవై ఐటమ్‌లు చూసి కారణం తేల్చేశారన్న మాట రాకూడదు. "మా" బదులు "నా" అని రాయండి, మీరు ఒక్కరే కాబట్టి అలా చెప్పడంలో చిన్నతనం లేదు, పని మీరే స్వయంగా చేస్తారన్న భరోసా కూడా అందులోనే ఉంది.

ముక్కల కుప్పను తప్పకుండా విడిగా చూపించండి. మొదటి దశ ధరను అలాగే ఉంచి, "ఐచ్ఛికం" అన్న శీర్షిక కింద, మిగులు ముక్కలను గ్రేడ్, సైజు వారీగా విడదీసి, తూకం వేసి లెక్కలోకి తేవడానికి ఇంత అని వేరే ధర రాయండి. తూకానికీ మోయడానికీ మనుషులను ఫ్యాక్టరీయే ఇవ్వాలి. ఏ ముక్క ఏ గ్రేడు ఉక్కో గుర్తుపట్టే బాధ్యత మాత్రం వారి క్వాలిటీ విభాగం మీదే పెట్టండి. రంగు గుర్తు చెరిగిపోయిన రాడ్డును చూసి ఈఎన్8 గ్రేడు అని మీరు రాయడం, అది మరొకటి అయి ఒక భాగం విరగడం జరిగితే ఆ బాధ్యత మీ మీదికి వస్తుంది. యజమాని ఆ ఐచ్ఛిక పని వద్దంటే, ఆ కుప్ప లెక్కింపులో చేరలేదని తేడాల నివేదికలో మీరు రాయాలి.

అడ్వాన్స్ విషయంలో, మొత్తం మీద 40 శాతం అడిగే బదులు మొదటి దశ 90,000లో సగం, అంటే 45,000 అడ్వాన్సుగా, మిగిలిన సగం తేడాల నివేదిక ఇచ్చిన రోజు అని పెట్టండి. తరువాతి రెండు దశలకూ అదే పద్ధతి. మొత్తం 1,82,000లో మొదట చేయి దాటేది పావు వంతుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మీకూ ఏ సమయంలోనైనా ఒక దశలో సగానికి మించి బాకీ ఉండదు. అంతా చివరన ఇస్తామన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి. ఇది ఆయన మీద అపనమ్మకం కాదు, శిక్షణ, తనిఖీల దశకు వచ్చేసరికి పని పూర్తయిందా లేదా అన్నది సిబ్బంది సహకారం మీద ఆధారపడుతుంది. మీ చేతిలో లేని విషయం మీద మీ ఫీజు మొత్తం వేలాడకూడదు. ఇదే కారణాన్ని ఆయనకు నేరుగా చెప్పండి, ఫ్యాక్టరీ నడిపే మనిషికి సులభంగానే అర్థమవుతుంది.

పీడీఎఫ్ పంపేటప్పుడు ఈమెయిల్‌లోనే మూడు దశల మొత్తాలు, అడ్వాన్స్ అంకె, చెల్లుబాటు తేదీ రాసి, వాట్సాప్‌లో కూడా ఒక కాపీ పెట్టండి. ఆదివారం లెక్కింపుకు కుదిరే తేదీలు రెండు సూచించి, అడ్వాన్స్ ఖాతాలో పడిన మరుసటి పనిదినం నుంచి మొదటి దశ మొదలవుతుందని ఆ ఈమెయిల్‌లోనే చేర్చండి.